ఆపేసిన సర్వర్‌కీ అద్దె ఉంటుంది

పోయిన సంచికకి కవిత ఇస్తానని చెప్పి ఎగ్గొట్టాను. ఈసారి కూడా తప్పించుకుంటే ఊరుకోనని మన క్లబ్ ఎడిటర్ అక్క ముందే చెప్పేసింది. కవిత ఇప్పటికీ రాలేదు గానీ, ఈ ఏడాది నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. క్లౌడ్ సర్వర్ బిల్లు. సాహిత్యం పత్రికలో సర్వర్ గోలేంటి అనుకోకండి, ఆ సర్వర్ నిండా ఉన్నది తెలుగే. పైగా మినీ ప్రాజెక్టనీ, హ్యాకథాననీ, ఇంటర్న్‌షిప్పనీ మనలో చాలామందిమి ఎక్కడో ఒకచోట ఒక సర్వర్ తెరిచి మర్చిపోయినవాళ్లమే. అందుకే రాస్తున్నా.

నాన్న ఫోన్

మాది పల్నాడు వైపు ఊరు. నాన్న మిర్చి వేస్తాడు. మా నలుగురి మినీ ప్రాజెక్టు ఏంటంటే, మా వైపు పెద్దవాళ్లు మాట్లాడే మాటని విని రాతలోకి మార్చే చిన్న ప్రోగ్రామ్. మామూలు స్పీచ్ టూల్స్‌కి మా తాతల యాస ఎక్కదు. అందుకని సంక్రాంతి సెలవుల్లో ఊళ్లు తిరిగి 41 మందితో మాట్లాడించి రికార్డు చేశాం. కల్లంలో కాయలు ఎండబెట్టడం, కాటా వేయించడం, యార్డుకి తోలడం, ఇలా వాళ్ల పని గురించే అడిగాం. మొత్తం 18 జీబీ ఆడియో వచ్చింది.

దాన్ని పెట్టడానికి ఒక క్లౌడ్ కంపెనీలో సర్వర్ తీసుకున్నాం. కొత్త ఖాతాకి ఉచిత క్రెడిట్లు ఇచ్చారు. ఖాతా తెరవాలంటే కార్డు తప్పనిసరి. మాలో ఎవరి కార్డూ పనిచేయలేదు. చివరికి నాన్న డెబిట్ కార్డు నంబరు కొట్టాం. "డబ్బులేం పోవు నాన్నా, ఊరికే చూపించడానికే" అని ఓటీపీ అడిగి తీసుకున్నది నేనే.

మార్చిలో రివ్యూ అయిపోయింది. మార్కులొచ్చాయి. తర్వాత పరీక్షలు, సెలవులు. సర్వర్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

జూలై మొదట్లో ఒక సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు.

"బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది రా. రేపు 4,696 రూపాయలు కట్ అవుద్దంట. ఏం కొన్నావు?"

"ఏం కొనలేదు నాన్నా."

"కొనకుండా ఎట్టా కట్ అవుద్ది?"

ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకి సమాధానమే.

డిలీట్ మీద వేలు

హాస్టల్ గదిలో లాప్‌టాప్ తెరిచి చూస్తే, సర్వర్ పక్కన పచ్చ చుక్క వెలుగుతూనే ఉంది. 'రన్నింగ్' అని రాసుంది. మూడు నెలలుగా ఎవరి పనీ చేయకుండా రాత్రీ పగలూ నడుస్తోందన్నమాట. క్రెడిట్లు మే నెలాఖరుకి అయిపోయాయి. జూన్ మొత్తం మీటర్ నాన్న పేరు మీద తిరిగింది.

"తీసెయ్ రా బాబూ, డిలీట్ కొట్టెయ్, పీడా పోద్ది" అన్నాడు మా టీమ్‌లో వాడొకడు. మెనూలో మూడు నాలుగు ఆప్షన్లున్నాయి. స్టాప్, రీబూట్, టెర్మినేట్. నేను కంగారులో టెర్మినేట్ నొక్కాను. 'దీనితో పాటు డిస్కు కూడా పోతుంది, సరేనా?' అనే అర్థం వచ్చే పెట్టె ఒకటి తెరుచుకుంది. అక్కడ ఆగాను.

ఆ 41 మందిలో ఒక తాత ఉన్నాడు. కోల్డ్ స్టోరేజీలో నలభై ఏళ్లు హమాలీగా మిర్చి టిక్కీలు మోసినవాడు. నాన్నే మమ్మల్ని ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. మొదట మాట్లాడనన్నాడు, మొదలుపెట్టాక యాభై నిమిషాలు ఆపలేదు. ఉగాది వెళ్లిన వారానికి ఆయన పోయాడు. ఆ రికార్డింగ్ తీసిన ఫోన్‌లో మెమరీ నిండిందని అప్పుడే ఖాళీ చేసేశాం. నా లాప్‌టాప్‌ని వేసవిలో ఫార్మాట్ కొట్టాను. అంటే ఆ గొంతు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఆ డిస్కులోనే ఉంది. నా వేలు దాన్ని చెరిపే బటన్ మీదుంది.

క్యాన్సిల్ కొట్టి, స్టాప్ నొక్కాను. పచ్చ చుక్క కాసేపటికి ఆరిపోయింది. ఆ 4,696 మాత్రం మర్నాడు కట్ అయింది. హమ్మయ్య, ఇక ఒక్క రూపాయి కూడా పడదు అనుకున్నా. అది నా రెండో తప్పు.

ఆపినా బిల్లొచ్చింది

తర్వాతి నెల మళ్లీ బిల్లు. జూలై మొదటి రెండు మూడు రోజుల లెక్క పక్కన పెడితే, ఇంకో 1,298 రూపాయలు. ఆపేసిన సర్వర్‌కి బిల్లేంటి? మోసం అనుకున్నా. అప్పుడు కూర్చుని మొదటి బిల్లు విప్పి చూశాను. జూన్ లెక్క ఇదీ, పైసలు వదిలేసి రాస్తున్నా.

యంత్రం అద్దె, గంటకి 4 రూపాయల చొప్పున 720 గంటలకి 2,880.
డిస్కు అద్దె, జీబీకి నెలకి 8 రూపాయల చొప్పున 100 జీబీకి 800.
పబ్లిక్ ఐపీ అడ్రస్ అద్దె 300.
మొత్తం 3,980. దాని మీద 18 శాతం జీఎస్టీ 716. అంతా కలిపి 4,696.

స్టాప్ నొక్కితే ఆగింది మొదటి వరస మాత్రమే. డిస్కు 800, అడ్రస్ 300, కలిపి 1,100, జీఎస్టీతో 1,298. బిల్లులో తప్పేం లేదు. నేనే అర్థం చేసుకోలేదు.

ఇదంతా నాన్నకి ఫోన్లో ఎలా చెప్పాలా అని తంటాలు పడ్డాను. వర్చువల్ మెషీన్, స్టోరేజీ అంటూ ఏదో మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే ఆపి, "అర్థమైంది లేరా. టిక్కీలు కదిపితేనే హమాలీ ఖర్చు. కదపకపోతే హమాలీకి ఇవ్వక్కర్లేదు. కానీ కోల్డ్ స్టోరేజీలో ఉన్నంతకాలం గది అద్దె ఉంటది కదా, నువ్వు పోయి చూసినా చూడకపోయినా" అన్నాడు.

నాలుగేళ్ల బీటెక్‌లో క్లౌడ్ గురించి ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు నాకు. క్లౌడ్‌లో మనం వాడినదానికే డబ్బు కడతాం అని పాఠంలో చదువుకున్నాం. అది సగమే నిజం. మనకోసం వాళ్లు పట్టి ఉంచినదానికి డబ్బు కడతాం. మనం వాడామా లేదా అన్నది మన గొడవ. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

సర్వర్ అని మనం ఒకే ముక్కలా అంటాం గానీ, లోపల వేరువేరు సామాన్లున్నాయి. ప్రాసెసర్, ర్యామ్ ఒక జత. డిస్కు వేరే వస్తువు, నెట్‌వర్క్ మీద వచ్చి ఆ జతకి తగులుకుంటుంది. ఐపీ అడ్రస్ మూడోది. స్టాప్ నొక్కితే ప్రాసెసర్, ర్యామ్ వాళ్లు వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇచ్చుకుంటారు. అందుకే ఆ అద్దె ఆగుతుంది. డిస్కులో మన ఫైళ్లున్నాయి, దాన్ని ఇంకొకరికి ఇవ్వలేరు. అందుకే ఆ అద్దె ఆగదు. మనం 100 జీబీ తీసుకుని 18 జీబీ నింపినా 100కీ కట్టాల్సిందే. గది అద్దె గదికి, లోపలి సరుక్కి కాదు.

మరి అడ్రస్‌కి డబ్బులేంటి, అదొక నంబరే కదా? నేనూ అలాగే అనుకున్నా. ఐపీవీ4 అడ్రస్ 32 బిట్లది. అంటే ప్రపంచం మొత్తానికి ఉన్నవి దాదాపు 429 కోట్లు. అంతకు మించి పుట్టవు. ప్రాంతాల వారీ సంస్థలకి పంచే కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయిపోయింది. కొరత ఉన్నదానికి ధర వస్తుంది. ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కీ గంటకి 0.005 డాలర్లు తీసుకుంటోంది, వాడుతున్నా వాడకపోయినా. నెలకి మూడున్నర డాలర్ల పైమాటే. అడ్రస్ మారకుండా ఉండాలని మనం పట్టి ఉంచుకుంటే, సర్వర్ పడుకున్నా దాని మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అక్కర్లేదనుకుంటే దాన్ని విడిగా వదిలేయాలి, 'రిలీజ్' అంటారు.

ఆపడంలో రకాలు

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. ఒకే మాటకి ఒక్కో చోట ఒక్కో అర్థం.

ఏడబ్ల్యూఎస్‌లో ఈసీ2 సర్వర్‌ని స్టాప్ చేస్తే యంత్రం అద్దె ఆగుతుంది. డిస్కు భద్రంగా ఉంటుంది. టెర్మినేట్ చేస్తే సర్వరూ పోతుంది, మామూలు సెట్టింగులో అది బూట్ అయ్యే డిస్కు కూడా పోతుంది. మళ్లీ రాదు. సర్వర్‌లోకి లాగిన్ అయి షట్‌డౌన్ కమాండ్ ఇచ్చినా మామూలుగా స్టాప్ అయినట్టే. కాకపోతే సర్వర్ తెరిచేటప్పుడు ఎవరైనా ఆ సెట్టింగు మార్చి ఉంటే, అదే కమాండ్ టెర్మినేట్ కూడా చేయగలదు. కాబట్టి ముందు ఆ సెట్టింగు చూసుకోండి.

అజూర్‌లో ఇంకో తిరకాసు. లోపల్నుంచి షట్‌డౌన్ ఇస్తే పోర్టల్‌లో 'స్టాప్‌డ్' అని చూపిస్తుంది గానీ అద్దె పడుతూనే ఉంటుంది. ఎందుకంటే ఆ ప్రాసెసర్, ర్యామ్ ఇంకా మన పేరు మీదే పట్టి ఉంచారు. పోర్టల్‌లో ఉన్న స్టాప్ బటన్ నొక్కి, పక్కన 'డీఅలొకేటెడ్' అనే మాట కనిపించాకే ఆగినట్టు.

డిజిటల్ ఓషన్‌లో డ్రాప్లెట్ పవర్ ఆఫ్ చేసినా పూర్తి అద్దె పడుతుంది. అక్కడ పట్టి ఉంచడం అంటే మొత్తం పట్టి ఉంచడమే. ఖర్చు తగ్గాలంటే స్నాప్‌షాట్ తీసి దాచుకుని, డ్రాప్లెట్‌ని తీసేయాలి. కావాల్సినప్పుడు ఆ స్నాప్‌షాట్ నుంచి కొత్తది తెరుచుకోవాలి.

గూగుల్ క్లౌడ్‌లో స్టాప్ కాకుండా సస్పెండ్ అని ఒకటుంది. లాప్‌టాప్ మూత మూసినట్టు, ర్యామ్‌లో ఉన్నది కూడా దాచిపెడుతుంది. అది 60 రోజుల వరకే. దాచిన ఆ మెమరీకి కూడా అద్దె ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో ఇలాంటిదాన్ని హైబర్నేట్ అంటారు, కానీ అది కావాలని సర్వర్ తెరిచే రోజే ఎంచుకుని ఉండాలి.

డేటాబేస్ సర్వీసులది ఇంకో దారి. ఏడబ్ల్యూఎస్ ఆర్‌డీఎస్‌ని స్టాప్ చేస్తే ఏడు రోజులే. ఎనిమిదో రోజు దానంతటదే లేచి కూర్చుంటుంది. 'ఆపే వెళ్లాం కదా' అని సెలవులకి ఇంటికెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి మీటర్ తిరుగుతూ ఉంటుంది.

ఇన్ని గుర్తుపెట్టుకోవడం కష్టమే. అందుకని నేను ఒకే ప్రశ్న వేసుకుంటున్నా. 'ఈ బటన్ నొక్కాక, వాళ్లు నాకోసం ఇంకా ఏం పట్టి ఉంచుతారు?' దానికి సమాధానం దొరికితే బిల్లు ఎంతొస్తుందో నేనే చెప్పగలను.

అసలు వాడుతున్నారా లేదా ఎలా తెలుస్తుంది

టీమ్ గ్రూపులో 'సర్వర్ ఎవరైనా వాడుతున్నారా?' అని అడిగాను. ఇద్దరు చూసి ఊరుకున్నారు. ఒకడు 'ఏమో రా, ఉండనీ, ఎందుకైనా మంచిది' అన్నాడు. ఆ 'ఎందుకైనా మంచిది' ఖరీదు గంటకి 4 రూపాయలు.

మనుషుల్ని అడిగితే తేలదు గానీ, సర్వర్‌ని అడిగితే తేలుతుంది. మూడు చోట్ల చూడాలి. ఒకటి, డాష్‌బోర్డులో ప్రాసెసర్ వాడకం గ్రాఫ్. మాది నెలంతా ఒకటి రెండు శాతం దగ్గర నేలకి అతుక్కుని ఉంది. రెండు, ఎవరు చివరిసారి లాగిన్ అయ్యారో చూపించే లాస్ట్ అనే కమాండ్. మాలో చివరివాడు లాగిన్ అయింది మార్చిలో, రివ్యూ రోజు పొద్దున. మూడు, వెబ్ సర్వర్ లాగ్.

లాగ్ తెరిస్తే వేల కొద్దీ లైన్లు. మన సైటుకి ఇంతమంది వస్తున్నారా అని ఒక్క నిమిషం గర్వపడ్డాను కూడా. చూస్తే అందులో చాలావరకు వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఎక్కడుందని వెతుకుతున్న బాట్లు. మా దగ్గర వర్డ్‌ప్రెస్సే లేదు. మిగిలినవి, సర్వర్ బతికుందా లేదా అని ఐదు నిమిషాలకోసారి తలుపు తట్టమని మేమే పెట్టుకున్న పింగ్. అంటే మూడు నెలలు మా సర్వర్ దొంగలకీ, మా కాపలావాడికీ మాత్రమే పనికొచ్చింది. గ్రాఫ్ పూర్తిగా సున్నా కాలేదంటే దాని అర్థం ఎవరో వాడుతున్నారని కాదు. ఎవరు వాడుతున్నారో లాగ్ చూశాకే నమ్మండి.

ఆపే ముందు చేయాల్సినవి

నేను కంగారులో స్టాప్ నొక్కాను, అదృష్టం బాగుండి ఏం పోలేదు. మీరు అలా చేయకండి. నొక్కేముందు ఇవి చూసుకోండి.

డేటా ఏ డిస్కులో ఉందో చూడండి. కొన్ని రకాల సర్వర్లకి యంత్రంతో పాటే వచ్చే లోకల్ డిస్కు ఉంటుంది. ఏడబ్ల్యూఎస్‌లో దాన్ని ఇన్‌స్టన్స్ స్టోర్ అంటారు. వేగంగా ఉంటుంది, కానీ స్టాప్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది. రీబూట్ చేస్తే పోదు, స్టాప్ చేస్తే పోతుంది.

మళ్లీ లేపినప్పుడు అడ్రస్ మారుతుందని గుర్తుంచుకోండి. స్థిరమైన ఐపీ పెట్టుకోకపోతే కొత్త నంబరు వస్తుంది. మీ డొమైన్ పాత నంబరునే చూపిస్తుంటే సైటు తెరుచుకోదు. డెమో రోజు పొద్దున సర్వర్ లేపి, సైటు రావట్లేదని ఏడ్చే బదులు, డీఎన్ఎస్ సెట్టింగు ఎక్కడుందో ముందే తెలుసుకోండి. చిన్న ప్రాజెక్టుకి స్థిరమైన ఐపీకి నెలనెలా కట్టడం కంటే, లేపినప్పుడల్లా ఒకసారి డీఎన్ఎస్ మార్చుకోవడమే చవక.

మీ ప్రోగ్రామ్ దానంతటదే లేస్తుందో లేదో చూడండి. సర్వర్ లేచినంత మాత్రాన మీరు టెర్మినల్‌లో చేత్తో నడిపిన పైథాన్ ప్రోగ్రామ్ లేవదు. సిస్టమ్‌డీలో సర్వీసుగా పెట్టి, బూట్ అయినప్పుడు మొదలయ్యేలా ఎనేబుల్ చేయాలి. ఒకసారి ఆపి, లేపి, చేయి పెట్టకుండా సైటు తెరుచుకుంటేనే అది పాసైనట్టు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంకో కాపీ ఉంచండి. మేం ఆ 18 జీబీ ఆడియోని ముందు ఒక హార్డ్ డిస్కులోకి దించుకున్నాం. తర్వాత ఆబ్జెక్ట్ స్టోరేజీలో ఇంకో కాపీ పెట్టాం. అక్కడ నింపినంతకే అద్దె, మాకు జీబీకి నెలకి 2 రూపాయల చొప్పున 36 రూపాయలు పడుతోంది. రెండు చోట్లా ఫైళ్ల లెక్క సరిపోయిందో లేదో చూసి, నాలుగైదు తెరిచి విన్నాకే 100 జీబీ డిస్కుని తీసేశాం, అడ్రస్‌ని వదిలేశాం. నెలకి 4,696 పడేది జీఎస్టీతో కలిపి 42 రూపాయలకి వచ్చింది. 41 మంది గొంతులూ ఉన్నాయి.

పూర్తిగా తీసేయలేకపోతే

అన్ని సర్వర్లనీ తీసేయలేం. సెప్టెంబరులో మా ప్రాజెక్టుని పెద్ద ప్రాజెక్టుగా కొనసాగించమని గైడ్ మేడమ్ అన్నారు. మళ్లీ సర్వర్ కావాల్సొచ్చింది. ఈసారి 30 జీబీ డిస్కుతో తెరిచాం, తెరిచిన రోజే టైమ్‌టేబుల్ పెట్టాం.

లెక్క చాలా సులువు. వారానికి 168 గంటలు. రోజుకి 8 గంటలు, వారానికి ఐదు రోజులు పనిచేస్తే 40 గంటలే. అంటే మిగతా 128 గంటలు ఖాళీ కుర్చీకి అద్దె కడుతున్నట్టు. మేం పనిచేసేది సాయంత్రం 7 నుంచి 10 దాకా. రోజుకి మూడు గంటలు, నెలకి 90 గంటలు. గంటకి 4 రూపాయల చొప్పున 360. రోజంతా నడిపితే 2,880.

సాయంత్రం లేపడానికీ రాత్రి పడుకోబెట్టడానికీ క్లౌడ్ కంపెనీల దగ్గరే షెడ్యూలర్లు ఉంటాయి. ఏడబ్ల్యూఎస్‌లో ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్, అజూర్‌లో పడుకోబెట్టడానికి మాత్రం ఆటో షట్‌డౌన్, గూగుల్ క్లౌడ్‌లో ఇన్‌స్టన్స్ షెడ్యూల్. అదేదీ రాకపోయినా, ఏడబ్ల్యూఎస్ లాంటి చోట సర్వర్ లోపల క్రాన్‌లో రాత్రి 10కి షట్‌డౌన్ అని ఒక్క లైను రాస్తే చాలు. లేపడం మాత్రం బయట్నుంచే చేయాలి, పడుకున్నవాడు తనని తాను లేపుకోలేడు కదా. మేం లేపే పని మాత్రం మా చేతుల్లోనే ఉంచుకున్నాం. ఎవడికి పనుంటే వాడు లేపుతాడు. పని లేని రోజు అది లేవదు.

లెక్కల్లో ఒక మెలిక ఉంది. ముందే ఏడాదికో మూడేళ్లకో ఒప్పందం చేసుకుని తక్కువ ధరకి తీసుకునే రిజర్వ్‌డ్ పద్ధతులుంటాయి. అక్కడ సర్వర్ ఆపినా ఒప్పందం డబ్బు ఆగదు. ఇంటర్న్‌షిప్‌లో 'నేను సర్వర్లు ఆపి డబ్బు మిగిల్చాను' అని చెప్పేముందు అది చూసుకోండి.

నేను నమ్మి మోసపోయినవి

ఒకటి, బడ్జెట్ అలర్ట్. ఫలానా మొత్తం దాటితే మెయిల్ పంపమని పెట్టుకోవచ్చు, తప్పకుండా పెట్టుకోండి. కానీ అది కబురు చెబుతుందంతే, మామూలుగా మీటర్ ఆపదు. పైగా ఖర్చు లెక్క కొన్ని గంటలు ఆలస్యంగా చేరుతుంది. మేం అలర్ట్ పెట్టాం కూడా. అది వెళ్లింది ప్రాజెక్టు కోసమని తెరిచిన మెయిల్‌కి. మార్చి తర్వాత ఆ మెయిల్ ఎవరూ తెరవలేదు. అలర్ట్ మీరు రోజూ చూసే మెయిల్‌కి రావాలి.

రెండు, ఖాళీగా కనిపించే డాష్‌బోర్డు. ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్ల జాబితా మీరు ఎంచుకున్న రీజియన్‌వే చూపిస్తుంది. ముంబై ఎంచుకుని చూస్తూ హైదరాబాద్‌లో తెరిచిన సర్వర్ కనిపించట్లేదు కాబట్టి లేదనుకుంటే అంతే సంగతులు. జాబితా చూడొద్దు, బిల్లు పేజీ చూడండి. బిల్లు ఏ రీజియన్‌నీ మర్చిపోదు.

మూడు, సీనియర్లు చెప్పిన ఉచితం. 'ఏడబ్ల్యూఎస్‌లో ఏడాది ఫ్రీ రా, నెలకి 750 గంటలు' అని అన్నయ్యలు చెబుతారు. వాళ్ల రోజుల్లో నిజమే. నెలకి ఎక్కువలో ఎక్కువ 744 గంటలు కాబట్టి ఒక చిన్న సర్వర్‌కి సరిపోయేది. 2025 జూలై 15 నుంచి తెరిచిన కొత్త ఖాతాలకి ఆ పద్ధతి లేదు, క్రెడిట్లూ ఆరు నెలల గడువూ వచ్చాయి. ఉచితం అన్నప్పుడల్లా ఎప్పటివరకు, ఎంతవరకు అని రెండూ అడగండి.

ఇప్పటికే పెద్ద బిల్లు వచ్చి ఉంటే, ముందు మీటర్ ఆపి, జరిగింది జరిగినట్టు రాసి కస్టమర్ సపోర్ట్‌ని అడగడంలో తప్పులేదు. తగ్గిస్తారన్న గ్యారంటీ మాత్రం లేదు. మాకు తగ్గించలేదు.

చివరిగా

ఇదంతా టెక్నాలజీ సమస్యలా కనిపిస్తుంది గానీ నాకైతే అలా అనిపించదు. నలుగురం కలిసి తెరిచాం, ఎవరూ నాది అనుకోలేదు. ఇప్పుడు మా కొత్త సర్వర్ పేరులోనే బాధ్యుడి పేరూ, తీసేయాల్సిన తేదీ ఉంటాయి. ఆ తేదీ రోజు నా ఫోన్లో అలారం మోగుతుంది. కార్డు కూడా ఇప్పుడు నాదే, ట్యూషన్ చెప్పగా వచ్చిన డబ్బులున్న ఖాతాది. నాన్నకి ఆ 4,696తో పాటు రెండోసారి పడిందీ కలిపి రెండు విడతల్లో ఇచ్చేశాను. వద్దన్నాడు గానీ తీసుకున్నాడు.

ఫైళ్లు దించుకున్న రాత్రి, హమాలీ తాత రికార్డింగ్ నాన్నకి వాట్సాప్‌లో పంపాను. మర్నాడు ఫోన్ చేసి, "మొత్తం విన్నాను రా. మధ్యలో దగ్గు వచ్చినప్పుడు మంచినీళ్లు ఇమ్మన్నది నా గొంతే కదా" అన్నాడు. అవును, ఆయన గొంతు కూడా ఆ ఫైల్లో ఉంది. నాకప్పటిదాకా తట్టలేదు.

ఇది చదవడం అయిపోగానే, మీరెప్పుడో తెరిచిన ఖాతాలోకి ఒకసారి లాగిన్ అవండి. బిల్లు పేజీ చూడండి. పచ్చ చుక్క కనిపిస్తే డిలీట్ కొట్టకండి, ముందు స్టాప్ కొట్టండి. లోపల ఏముందో, ఎవరిదో నెమ్మదిగా చూసుకుని, కాపీ తీసుకుని, అప్పుడు తీసేయండి.

వచ్చే సంచికకి కవిత ఖాయం అక్కా.